వంటింటి స్పీకరు

"మళ్ళీ పోయిందయ్యా అంకమ్మరావూ!"

శోభనాద్రిగారి కేక మేడమెట్ల మీదుగా దిగి వచ్చింది. పోయిందంటే మేడకీ వంటింటికీ మధ్య స్పీకరు కనెక్షన్ తెగినట్టే. హాల్లో స్టూలెక్కి వైఫై పెట్టె సర్దుతున్న అంకమ్మరావు గడియారం వంక చూశాడు. సరిగ్గా నాలుగు.

నెలలో ముదినేపల్లిలోని ఈ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. గుడివాడ ఆఫీసులో మేనేజరు పొద్దున్నే తేల్చేశాడు. "ఇవాళ బాగైందని సంతకం తీసుకురా. లేకపోతే ఆ సామాన్ల సంచీ ఇక్కడ దించేసి ఇంటికెళ్ళు." ఈ ఉద్యోగం కోసం ఏడాదిపాటు చెప్పులరిగేలా తిరిగినవాడు అంకమ్మరావు. మళ్ళీ తిరగాలంటే ఓపికా లేదు, చెప్పులూ లేవు.

వంటింట్లోకి పరుగెత్తాడు. స్పీకరున్న అరకి అడ్డంగా, నిలువెత్తు ఇనప బియ్యం డ్రమ్ము!

"అమ్మా, ఇదెవరు జరిపారు?"

"నేనే బాబూ. రేపటి అట్లకి బియ్యం నానబోద్దామని," అంది శోభనాద్రిగారి భార్య సీతామహాలక్ష్మిగారు చేట వెనక్కి పెట్టుకుంటూ.

అంకమ్మరావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. స్పీకర్లు పెట్టిన రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ఇనుమూ నీళ్ళూ అద్దమూ అడ్డముంటే సిగ్నల్ అందదని. ఆవిడా బుద్ధిగా రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది. తీరా రెండోసారి వస్తే అరముందు నీళ్ళ బిందె. మూడోసారి వస్తే నిలువుటద్దం. ఏది వద్దంటే అదే తెచ్చి పెట్టే మనిషికి ఎవరేం చెప్పగలరు?

"నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు, ఉక్రోషం ఆపుకోలేక. "ఇవాళ సంతకం పడకపోతే రేపట్నుంచి రావద్దన్నారు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో! నా వల్లా?" అంది. మరో మాట లేకుండా తనే డ్రమ్ముని ఈడ్చి మూలకి చేర్చింది. బందరు లడ్డూ ఒకటి ఆకులో పెట్టి చేతికిచ్చింది గానీ, ఆవిడ చూపంతా గడియారం మీదే ఉంది.

స్పీకరు గరగరలాడి పలికింది. "ఏమే, వినపడుతోందా?"

"వినపడుతోందండీ."

"అదీ! మూడు వందల ఎకరాల్లో ఏ చేపల చెరువులో నీళ్ళకి గాలికొట్టే ఏరేటరాగినా మంచం మీద నాకు తెలుస్తుంది. నా వంటింట్లో మాట ఆగితే తెలియొద్దూ?"

మోకాలి ఆపరేషన్ అయిననాటి నుంచి ఆయన మేడ దిగలేదు. ఐదు గదులకీ ఐదు స్పీకర్లు పెట్టించాడు. ఎక్కడ పోపు చిటపటలాడినా పైకి వినపడాల్సిందే. మొదటిరోజు ఫోన్లో గదుల పేర్లు ఎక్కిస్తూ, తలుపు మీద చూసి, ఒక గదికి 'ఐశ్వర్య' అని పెట్టాడు అంకమ్మరావు. శోభనాద్రిగారు ఫోను లాక్కున్నంత పని చేశాడు.

"ఆ పేరు తీసెయ్. స్టోరు రూమని పెట్టు. నన్ను కాదని పెడన బట్టల అద్దకాలవాణ్ణి కట్టుకుని పోయిన కూతురికి నా ఇంట్లో గదేమిటి?"

పేరు మార్చి తలవంచుకుని వచ్చేశాడు. పెద్దింటి గొడవలు మనకెందుకులే అనుకున్నాడు.

సీతామహాలక్ష్మిగారి బొడ్లో ఫోను మోగింది. తెర మీద 'పూలావిడ' అని ఉంది. ఆవిడ ఉలిక్కిపడి కట్ చేసింది.

"ఎవరే ఫోను?" అంది స్పీకరు.

"పూలావిడండీ. రేపటికి మూర కావాలా అని."

"వద్దను."

"అలాగేనండీ."

అంకమ్మరావు లడ్డూ నములుతూ మూలనున్న దేవుడి పటాల వంక చూశాడు. పెరటి మందారం ఒక్కటి వాడిపోయి ఉంది. ఈ ఇంట్లో మూరెడు పూలదండ చూసిన గుర్తే లేదు. ఆ ఫోను మాత్రం కిందటిసారి వచ్చినప్పుడూ మోగింది. అప్పుడూ నాలుగు గంటలే.

మిగిలిన లడ్డూ ఆకులో పెట్టేశాడు. నీళ్ళు తాగి, సంచీ అందుకుని మేడెక్కాడు.

"ఇక ఆగదుగా?" అన్నాడు శోభనాద్రిగారు.

"ఆగదండీ. కాకపోతే వంటింటి స్పీకర్ని పొద్దస్తమానం రెండువైపులా తెరిచి ఉంచకూడదు. మీరు పిలిస్తే మాట కిందికి చక్కగా వెళ్తుంది. అమ్మగారు జవాబు చెప్పాలంటే బటన్ నొక్కాలి."

"ఎందుకూ?"

"ఏరేటరైనా రెస్టు లేకుండా నడిపితే మోటారు కాలిపోదాండీ?"

శోభనాద్రిగారు ఆలోచనలో పడ్డాడు. చెరువుల మాట ఆయనకి వేదం. "నిజమేనయ్యా. కిందటేడు రెండు కాలిపోయాయి," అని సంతకం గీకాడు.

అంకమ్మరావు ఫోన్లో ఏదో నొక్కి కిందికి దిగాడు. వంటింట్లో స్పీకరు మీద చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. సీతామహాలక్ష్మిగారు డ్రమ్ముకి ఆనుకుని నిలబడి ఉంది.

"సంతకం పెట్టారా బాబూ?"

"పెట్టారమ్మా."

"పోనీలే, నీ ఉద్యోగం నిలబడింది. ఇక ఏదీ అడ్డం పెట్టనులే," అంది. ఆ గొంతులో జీవం లేదు.

బొడ్లో ఫోను మళ్ళీ మోగింది. ఆవిడ స్పీకరు వంక బెదురుగా చూసి, కట్ చేయడానికి వేలు ఎత్తింది.

అంకమ్మరావు సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఐశ్వర్యగారితో మాట్లాడండమ్మా, ఇక పైకి వినపడదు."