రానూ పోనూ

"పదివేలు! ఆపైన జీఎస్టీ! ఎందుకే ఈ దండగ? ఏనాడైనా ఇమానం మొహం సూసినామా మనం?"

నారాయణమూర్తి క్రెడిట్ కార్డుని కౌంటరు మీద టపీమని కొట్టాడు. నల్లగా, నున్నగా మెరిసే కార్డు, పాపం, యూరియా దుమ్ములో పడింది.

కోటబొమ్మాళిలో ఆయనది ఎరువులూ విత్తనాల కొట్టు. సరుకు బిల్లులు ఈ కార్డు మీద కడితే పాయింట్లొస్తాయి, వాటితో విమానాల్లో తిరగొచ్చు అని బ్యాంకువాళ్ళు తేనె పూసిన మాటలు చెప్పి అంటగట్టారు. పాయింట్లయితే పెరిగాయి. ఆయన తిరిగింది మాత్రం ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి. ఏడాది ఫీజుకి ఈ రోజే ఆఖరు. కట్టడమా, కార్డు వదిలించుకోవడమా?

"కట్టీ బావా," అంది తాయారు.

నారాయణమూర్తి పెళ్ళాం వైపు వింతగా చూశాడు. కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి కోసం అరగంట బేరమాడే మనిషి! "నువ్వేనా ఈ మాటంతన్నావు?"

"నేనే. కాశీ ఎల్దాం. ఎన్నాళ్ళ బట్టి అడుగుతన్నాను? నాట్లవనీ అంతావు, అవయ్యాక అపరాలవనీ అంతావు. ఇప్పుడు కార్డు తీయించేస్తే ఆ పాయింట్లన్నీ గంగలో కలిసిపోవా?"

"ఎల్దాంలే, సలికాలం రానీ. ముందు నువ్వు కడుపు నిండా తిను. అద్దంలో సూసుకున్నావా, ఎలాగైపోనావో?"

"గేస్సే బావా. తగ్గిపోతాది."

కొన్నాళ్ళుగా అదే మాట. చెల్లెలు ఈశ్వరిని వెంటబెట్టుకుని వైజాగులో పెద్ద డాక్టరుకి చూపించుకొచ్చింది. వచ్చాకా అదే మాట. పైగా కొత్త పీడ ఒకటి మొదలెట్టింది. పొద్దున్నే ఆయన్ని పొయ్యి దగ్గర నిలబెట్టి ఎసరెంత పొయ్యాలో, చారులో ఉప్పెంత వెయ్యాలో నేర్పుతోంది. "అరవై దాటినాక నాకీ వంటలేటే!" అని కసిరాడాయన. కసిరాడే గానీ ఆ రోజు నుంచీ గుండెల్లో ఏదో కలుక్కుమంటూనే ఉంది. అడగాలంటే భయం. అడక్కపోతే నిద్ర లేదు.

"నువ్వు సెయ్యకపోతే నేనే సేస్తాను," అని తాయారు కార్డు వెనకున్న నంబరుకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"నమస్కారమండీ," అంది ఫోన్లో అమ్మాయి. "కార్డు ఎవరి పేరు మీద ఉందో చెప్తారా?"

తాయారు గతుక్కుమంది. "మా ఇంటాయన పేరనమ్మా."

"ఆయన పేరేంటండీ?"

తాయారు ఫోను తీసుకెళ్ళి మొగుడి గెడ్డం కింద పెట్టింది. "నువ్వు సెప్పు."

అంత దిగుల్లోనూ ఆయనకి నవ్వొచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ తాయారు నోట ఆయన పేరు వచ్చింది లేదు. కట్టుకున్నవాడి పేరు పలకడం తప్పని వాళ్ళమ్మ గున్నమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. గుళ్ళో జనమంతా 'నారాయణా' అని చేతులెత్తితే ఈవిడ ఒక్కతీ 'గోవిందా' అంటుంది. ఊరంతా నవ్వినా అంతే.

ఆయన పేరు చెప్పి, విషయం చెప్పాడు. ఆ అమ్మాయి కాసేపు కీబోర్డు టకటకలాడించింది.

"ఫీజు కడితే బోనస్ పాయింట్లు కలుస్తాయండీ. అప్పుడు వైజాగ్ నుంచి కాశీకి మీ ఇద్దరికీ రానూ పోనూ నాలుగు టికెట్లూ ఉచితం. కట్టకపోతే ఉన్న పాయింట్లకి మూడే వస్తాయి. అవి కూడా ఇప్పుడే బుక్ చేసుకోవాలి. కార్డు మూసేస్తే పాయింట్లుండవు."

నారాయణమూర్తి తాయారు మొహం చూశాడు. కళ్ళ కింద ఆ నలుపు చూశాక పదివేలూ గడ్డిపోచ అనిపించింది. "సరే. కట్టెత్తానమ్మా, నాలుగూ..."

"వద్దు, వద్దు!" తాయారు అడ్డం పడింది. "ఫీజు కట్టొద్దు. మూడు సాలు."

"మూడేటే? ఇద్దరం ఎల్లి ఇద్దరం రావద్దా?"

"మూడు సాలంతన్నాను కదా. తియ్యమ్మా. ఎంత బేగి దొరికితే అంత బేగి."

హమ్మయ్య, మళ్ళీ పాత తాయారే, అనుకున్నాడాయన. పిసినారితనం బతికుందంటే మనిషికి ఏమీ కాలేదన్నమాట. ఆ తక్కువ పడ్డ టికెట్టు తనే డబ్బులిచ్చి కొంటాడు, దానికేముంది! చాన్నాళ్ళకి ఆయన ప్రాణం కుదుటపడింది. పెళ్ళాన్ని ఆటపట్టించాలనిపించింది.

"మరి కాశీ ఎల్తే ఏదో ఒకటి వదిలీయాల కదా. నువ్వేటి వదుల్తావు? కాకరకాయేనా? అదెలాగూ నువ్వు ముట్టవు."

"ఇట్టం లేనిది వదిల్తే పున్నెమేటి బావా? శానా ఇట్టమైందే వదలాల."

"ఏటది?"

తాయారు కార్డు మీది దుమ్ము పమిట చెంగుతో తుడుస్తూ కూర్చుంది.

"వెళ్ళడానికి మీ ఇద్దరి పేర్లూ వేశానండీ," అంది ఫోన్లో అమ్మాయి. "తిరిగి రావడానికి ఒక్కటే టికెట్టు. అది ఎవరి పేరు మీద వెయ్యమంటారు?"

"దాని పేరునే..." అనబోయాడు నారాయణమూర్తి. తాయారు ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఫోను దగ్గరికి జరిగి, ఆయన కళ్ళల్లోకే చూస్తూ, తడబడకుండా చెప్పింది.

"నారాయణమూర్తి."