పొద్దుటి చెమ్మ

"గుడ్డ అరిగిపోతుంది గానీ అది పోదు టీచరమ్మా. ఈ కిటికీకి రెండద్దాలు, చెమ్మ వాటి మధ్యలో ఉంది," అన్నాడు అద్దాల మేస్త్రీ.

టీచరమ్మ తుడవడం ఆపింది. "నిన్న సాయంత్రం శుభ్రంగానే ఉందే."

"సాయంత్రం ఎందుకుంటుంది? పొద్దుటి చలికి పడుతుంది, ఎండెక్కితే ఆరిపోతుంది. అంచున సీలు పోయి రెండేళ్ళయినా అయ్యుంటుంది."

ఆమె కిటికీ పక్కనున్న ఖాళీ మంచం వైపు చూసింది. పోయేముందు ఏడాదంతా ఆమె భర్త దాని మీదే గడిపాడు. కిటికీ మసగ్గా ఉందని రోజూ అనేవాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే అద్దం తళతళలాడుతూ ఉండేది. "మసక కిటికీకి కాదు, మీ కళ్ళకి," అని నవ్వి ఆమె చుక్కల మందు వేసేది. కొన్నాళ్ళకు ఆయన కిటికీ మాట ఎత్తడం మానేశాడు. చుక్కలు మాత్రం ఎన్నడూ వద్దనలేదు.

"నీకెలా తెలుస్తుందమ్మా?" అంది పక్కనే నిలబడ్డ కూతురు మెల్లగా. "తెల్లారితే బడికి పరుగెత్తేదానివి."

"ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను కదే," అంది టీచరమ్మ. "ఒక్క పొద్దునైనా వచ్చి ఈ మంచం మీద కూర్చోలేదు."