ఎడమకు లాగిన లారీ

“ఈ పరీక్షలన్నీ వద్దులే ఏసేపూ. తప్పు నాదే అని సావుకారికి చెప్పేస్తా, పోతాది,” అన్నాడు మెకానిక్ నాగప్ప.

ఏసేపు వినిపించుకోలేదు. లారీ షెడ్డు వెనక పెద్ద కడప బండనొకదాన్ని ఏటవాలుగా పెట్టి, దాని ఎడమ అంచు కింద ఇంకో రాయి దూర్చుతున్నాడు.

“ఆ పక్క ఎందుకు ఎత్తుతాండావు?”

“కనుమ దిగేటప్పుడు రోడ్డు కుడికి, లోయ పక్కకే గదా మామా వాలి ఉండేది. బండ కూడా అట్లే ఉండాల.”

కాలేజీలో భౌతికశాస్త్రం అయ్యవారు సెలవుల్లో సొంతంగా ఒక ప్రయోగం చేసుకుని రమ్మంటే, తక్కిన పిల్లలు హాయిగా లోలకాలు, అద్దాలు ఎంచుకున్నారు. ఏసేపు వాళ్ల నాయన నడిపిన లారీని ఎంచుకున్నాడు.

యుద్ధం రోజులు. పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచే ఆ లారీ, క్వారీ నుంచి కనుమ దిగి ఎర్రగుంట్ల స్టేషనుకు బండలు మోసేది. ఖాళీగా తిరిగి కనుమ ఎక్కేటప్పుడైతే నడిచే మనిషి కూడా దాన్ని దాటిపోయేవాడు. పోయిన నెల తుంపరలో దిగుతుండగా, ఎన్నడూ మంచమెక్కి ఎరగని ఏసేపు నాయన గాబ్రియేలు ఉన్నట్టుండి స్టీరింగు మీదికి ఒరిగిపోయాడు. లారీ ఎడమకు జరిగి, ఆ పక్కనున్న గుట్టను గుద్దుకుని ఆగింది. ఆయన నుదుటి మీద చిన్న గాటుతో బయటపడ్డాడు. ఇక స్టీరింగు ముట్టనని భార్య రాహేలమ్మకు మాటిచ్చి, క్వారీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు.

లారీ యజమాని బసవన్న మాత్రం పగిలిన రేడియేటరు కోసం ఊరంతా వినేలా ఏడ్చాడు. “డ్రైవరు ఒరిగితే బండి నేరుగా దిగి చదునులో నిలబడుండేది. గుట్టకేల పోయింది? ముందు చక్రాలు సరిగా బిగించలేదు వాడు,” అని నాగప్ప మీద విరుచుకుపడ్డాడు. శనివారం ఏసేపు పరీక్ష చూస్తానని, చక్రానిదే తప్పని తేలితే నాగప్ప తట్టాబుట్టా సర్దుకోవాల్సిందేనని తేల్చేశాడు.

నాగప్ప కరువొచ్చిన ఏడాది కోసిగి నుంచి వలసొచ్చినవాడు. చేయి పట్టుకుని ఈ షెడ్డులో నిలబెట్టింది గాబ్రియేలే. స్కూలు పరీక్షలప్పుడు ఏసేపుకు జ్వరమొస్తే, వీపున మోసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టింది నాగప్ప. అలాంటి మనిషి కూడు పోతుంటే ఏసేపు లోలకం ఊపుతూ కూర్చోలేకపోయాడు.

“ఇంతకీ ఏం తేల్చాలని నీ తిప్పలు?”

“అరిగి బోడైన టైర్లు జారబట్టే లారీ పక్కకు పోయిందని. టైర్లు దొరకనిది నీ తప్పు గాదు గదా మామా, యుద్ధం తప్పు.”

చిన్న చెక్కబండి సిద్ధమైంది. చక్రాలకు పాత టైరు ముక్కలు చుట్టారు, పైన బరువుకు పలకలు పేర్చారు. ఏసేపు వరస చెప్పాడు: “మొదట మంచి రబ్బరు, నేరు చక్రాలు. తర్వాత బోడి రబ్బరు, నేరు చక్రాలు. ఆఖరుకు ఎడమ చక్రం పిసరంత బయటికి తిప్పుదాం. ఒకసారికి ఒకటే మార్చాల. నీళ్లు మాత్రం ప్రతిసారీ పోయాల.”

మంచి రబ్బరుతో వదిలితే బండి కుడికి ఒరుగుతూ దిగి, అంచు దాటి దుమ్ములో పడింది. బోడి రబ్బరుతో ఇంకా తొందరగా అక్కడే పడింది. ఎడమ చక్రం తిప్పి వదిలాక మాత్రం ఎడమకు లాగి, ఎత్తుగా ఉన్న అంచుకే చేరింది. ఎన్నిసార్లు వదిలినా అంతే.

ఏసేపు ముఖం పాలిపోయింది. తను కాపాడాలనుకున్న మనిషిని తన చేత్తోనే పట్టించినట్టయింది.

“చెప్తి గదప్పా, వద్దని,” అన్నాడు నాగప్ప.

ఏసేపు దుమ్ములో బండి బోర్లాపడ్డ గుర్తుల వైపు వంగి చూశాడు. చక్రాలు నేరుగా తిప్పి బండిని ఇంకోసారి వదిలి, అది పడిన చోట గీత గీశాడు.

శనివారం బసవన్న వచ్చాడు. అంతా చూసి, “నేను అంటి గదా, చక్రమే,” అన్నాడు.

“చక్రమే సావుకారీ. నేరుగా ఉన్నప్పుడు బండి యాడ పడిందో అది కూడా చూడు. ఆ పక్క లోయ ఉండాది. లారీ దక్కేది గాదు, మా నాయన దక్కేవాడు గాదు.”

రేడియేటరు మాట బసవన్న మళ్లీ ఎత్తలేదు. బండ కుడి అంచు దగ్గర వంగి దుమ్ములోకి చూసి, “పొరపాటైనా శానా మేలు చేసింది. వాణ్ని ఉండనీలే,” అంటూ వెళ్లిపోయాడు.

మరునాడు ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక రాహేలమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. భర్తను దక్కించిన దేవునికి కళ్లనీళ్లతో స్తోత్రం చెప్పి, నాగప్ప విస్తట్లో అడక్కుండానే మళ్లీ సంగటి ముద్ద వేసింది. ఏసేపుకు కడుపు నిండిపోయింది, తినకముందే.

చేతులు కడుక్కునేటప్పుడు నాగప్పకు నీళ్లు పోస్తూ అడిగాడు. “నీ చేతిలో ఏనాడూ బోల్టు కూడా వంకర పోలేదు. ఆ పొద్దు ఎట్ల పొరబడితివి మామా?”

గాబ్రియేలు లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నాగప్ప అటు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“పొరబడలేదప్పా, మీ నాయనకు కండ్లు తిరుగుతాయని నాకు ముందే తెలుసు.”