సంఘసేవ ఆల్బమ్

కన్నకూతుర్ని నడుంలోతు వరద నీళ్లలో దించడానికి ఫొటోగ్రాఫరుకి సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. చంకలో ఒక మేకపిల్లని పెట్టడానికి ఇంకో పది.

అసలు ఆ కూతురు వాన పడితే గడప దాటదు. మేకపిల్ల ఎవరి ఫొటోలోదో, నీళ్లు ఏ చెరువువో. మొహం మీద బురద మాత్రం ఆయన సొంత కల్పన. కంప్యూటర్ తెర మీద కూతురి ధైర్యం చూసి ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

పాతికేళ్లుగా పెళ్లికొడుకుల బట్టతలల మీద జుట్టు మొలిపించి, విడాకులిచ్చిన అల్లుళ్లని గ్రూప్ ఫొటోల్లోంచి ఊడబీకిన చెయ్యి అది. ఇప్పుడు దానికి పెద్ద పని పడింది. కూతురు విదేశంలో ఓ పేరుమోసిన యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టుకుంటోంది. మార్కులకి కొదవలేదు. కానీ అక్కడివాళ్లు మార్కులొక్కటే చూడరనీ, నలుగురికీ నువ్వేం ఒరగబెట్టావని కూడా అడుగుతారనీ ఎవరో ఆయన చెవిన వేశారు. ఈ పిల్ల ఒరగబెట్టిందేమీ లేదు. తిన్న కంచం కూడా తియ్యదు. సీటు రాకపోతే చుట్టాల్లో తలెత్తుకు తిరగలేనని ఆయన బెంగ. ఫొటోలు దొంగవని తేలితే మాత్రం సీటూ పోతుంది, స్టూడియోకి తాళమూ పడుతుంది.

"ఇదంతా ఎందుకు నాన్నా? ఉన్నదున్నట్టు రాస్తాను," అంది కూతురు.

"ఉన్నదున్నట్టు చూపిస్తే నా దగ్గర ఫొటో ఎవడు తీయించుకుంటాడే? ఫారం నింపడం, వ్యాసం రాయడం నీ పని. ఫొటోలు నాకొదిలెయ్."

"ఎవరైనా కనిపెడితే?"

"నా చేతి పని కనిపెట్టేవాడు ఇంకా పుట్టలేదు."

కూతురు ఫోన్ పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా? కాస్త పని చూసి నేర్చుకో," అని కసిరాడు.

"చూస్తున్నా నాన్నా. ఆ నీడ ఎలా పెట్టావు? దీని అసలు ఫొటో ఏది?"

పదిహేడేళ్లకి కూతురికి తన పని మీద గౌరవం కలిగిందని ఆయన పొంగిపోయాడు. ఏ ముక్క ఎక్కణ్నుంచి తెచ్చాడో పూసగుచ్చినట్టు చెప్పాడు.

వారం తిరిగేసరికి పన్నెండు ఫొటోలు తయారయ్యాయి. రక్తదానం ఒకటి. సూది కనపడితే కళ్లు తిరిగే పిల్ల అందులో నవ్వుతూ చెయ్యి చాపింది. వృద్ధాశ్రమంలో సేవ ఇంకొకటి. దానికోసం ఎవరి పెళ్లిలోనో వరసగా కూర్చున్న ముసలమ్మల నగలన్నీ తీసేసి, చిరుగుల దుప్పట్లు కప్పాడు. వాళ్లలో ఒకావిడకి సొంతంగా నాలుగు మేడలున్నాయి.

"పంపించేశాను నాన్నా," అంది కూతురు, పెన్‌డ్రైవ్ తిరిగిస్తూ.

తర్వాత మూడు నెలలు ఆయనకి ముద్ద దిగలేదు. ఎవడైనా కొత్తవాడు స్టూడియో మెట్లెక్కితే విచారణకొచ్చాడేమోనని గుండె గుభేలుమనేది. పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలని అడిగితే గానీ మళ్లీ కొట్టుకునేది కాదు.

చివరికి ఉత్తరం వచ్చింది.

"సీటొచ్చింది నాన్నా. ఫీజు మొత్తం వాళ్లే భరిస్తారట. కానీ ఉత్తరం ఒక్కసారి పూర్తిగా చదువు. నీతో మాట్లాడాలి."

"చదివేదేముందే! మొదటి మాటే కంగ్రాచ్యులేషన్స్!"

ఆయన ఆగలేదు. ఆ ఉత్తరాన్ని నాలుగడుగుల ఎత్తున ప్రింటు తీసి, చుట్టూ బంగారు రంగు అంచు వేసి, వీధివైపు అద్దానికి అంటించాడు. కింద స్టూడియో పేరూ ఫోన్ నంబరూ వెయ్యడం మర్చిపోలేదు. ఏ కోర్సని ఎవరైనా అడిగితే "పెద్ద కోర్సే" అనేవాడు. చాటుగా వచ్చి చెవిలో అడిగిన తండ్రులకి మాత్రం అసలు కిటుకు చెప్పాడు. మూడ్రోజుల్లో నాలుగు ఆల్బమ్‌లకి బేరం కుదిరింది.

అయిదో తండ్రి బ్యాంకు మేనేజరు. కొడుకు ఫొటో బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు.

"మావాడికీ అలాంటిదే కావాలండీ. కాకపోతే వరద వద్దు. అగ్నిప్రమాదం అయితే బావుంటుంది."

"దివ్యంగా ఉంటుంది సార్. మంటల్లోంచి ఎవర్ని తెమ్మంటారు? ముసలాయన్నా, పసిపాపనా?"

"ఇద్దర్నీ తేలేడా?"

"మీ అబ్బాయి కండబలం కాస్త పెంచుతాను, తెచ్చేస్తాడు."

ఫొటోగ్రాఫరు కంప్యూటర్లో మంటలు వెతికేలోగా మేనేజరు బయటికెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. కనిపించిన కాగితాన్నల్లా చివరి అక్షరం దాకా చదవడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు. కాసేపటికి లోపలికొచ్చి, కొడుకు ఫొటో తీసి గబగబా జేబులో పెట్టుకున్నాడు.

"ఏమండీ, ఆ ఉత్తరం మీరు పూర్తిగా చదివారా?"

"సీటొచ్చాక చదివేదేముంది సార్?"

"రెండో పేరా మన భాషలో చెబుతాను, వినండి. 'మీరు పంపిన ముప్ఫై రెండు ఫొటోలు మా కమిటీని ఎంతో ఆకట్టుకున్నాయి...'"

"చెప్పలేదూ! అదీ నా చెయ్యంటే!" అని ఫొటోగ్రాఫరు తొడ చరిచాడు. అంతలోనే ఆగిపోయాడు. "ముప్ఫై రెండా? నేను చేసింది పన్నెండేనే."

మేనేజరు తలుపు దగ్గరకి జరిగి, మిగతాది అప్పజెప్పాడు.

"'మీ నాన్నగారు దొంగ ఫొటోలు తయారు చేస్తుంటే ఆయన కుర్చీ వెనక నిలబడి మీరు తీసిన ఈ ఫొటోలన్నీ నూటికి నూరుపాళ్లు అసలైనవేనని మా నిపుణులు తేల్చారు, వీటిని ఆ స్టూడియో చిరునామాతో సహా మిగతా యూనివర్సిటీలన్నిటికీ పంపిస్తున్నాం.'"