లేపిన చేతులు

“మా ఆయన పడిపోయే ఆ ముక్క కోసెయ్యి ఎమెట్, నీ కాళ్లు పట్టుకుంటాను,” అంది లోర్నా, ఎడిటింగ్ గది తలుపు దగ్గరే నిలబడి.

ఫుట్‌బాల్ ఆటలో మెడ విరిగి ఆమె భర్త వెర్న్ మంచానికే అతుక్కుపోయాడు. ఆ ఆట మీద ఎమెట్ తీసిన డాక్యుమెంటరీ రేపే టీవీలో వస్తుంది.

“సినిమాకి ప్రాణమే అది వదినా. ఒక్కసారి చూడు, తర్వాత నన్ను తిట్టు,” అంటూ అతను రీలు తిప్పాడు.

తెర నిండా వెర్న్ ముఖం. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నేలకొరిగాడు. జట్టువాళ్లు చేతులు వేసి అతన్ని పైకి లేపుతుంటే నేపథ్య సంగీతంలో డ్రమ్ములు, బాకాలు హోరెత్తాయి.

“ఆ మోత ఆపు,” అంది లోర్నా. “మళ్లీ వెయ్యి.”

ఈసారి నిశ్శబ్దంలో వెర్న్ పెదవులు కదలడం కనిపించింది. ఆమె తెర దగ్గరికి వెళ్లి, వాటితో పాటే పలికింది.

“లేపొద్దు... నన్ను లేపొద్దురా.”

మెడ విరిగినవాణ్ణి కుదిపేసి మంచాన పడేసిన ఆ చేతుల్ని చూసే ఇన్నాళ్లూ ఎమెట్ గొప్ప స్నేహమని మురిసిపోయాడు. కత్తెర అందుకున్నాడు.

లోర్నా అతని చెయ్యి పట్టుకుంది.

“కొయ్యకు. సంగీతం ఒక్కటే తీసెయ్యి. ఇది చూశాక ఇంకెవరి మొగుణ్ణీ ఎవరూ అలా లేపకూడదు.”