నల్లచుక్క సెల్లు

లోహాలు పసిగట్టే మిషను కీచుమంది. ఆ కీచుకి గట్టు మీది కొంగలు లేచి ఎస్. రాయవరం దాకా ఆగకుండా ఎగిరిపోయి ఉంటాయి.

చేలో ఈ మూల నుంచి చిట్టిరాజు, ఆ మూల నుంచి అతని పెళ్ళాం ఈశ్వరి పరుగెత్తుకొచ్చారు. నెల్లాళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తులేని తగువు. దానికి తోడు నిన్న వేరుశనగ పీకుతుంటే ఈశ్వరి ప్రధానపుటుంగరం ఈ చేలోనే పోయింది. జారిపోయిందని ఆమె. కోపంతో తీసి విసిరేసిందని అతను.

ఆ మిషనుతో పోయిన వస్తువులు వెతికిపెట్టే ముసలాయన జ్ఞానానందం మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తవ్వాడు. తవ్వి, తుప్పు పట్టిన సోడా మూత చూపించాడు.

"దొరికితే బాగున్ను తాతగారూ," అంది ఈశ్వరి. గట్టు మీద ఆమె బట్టల సంచీ సిద్ధంగా ఉంది. "ఉంగరం ఈ మనిషి మొహాన కొట్టీసి, ఒంటిగంట బస్సుకి ఎలమంచిలి మా అమ్మకాడికి ఎల్లిపోదును. ఇసిరీసినానన్న మాట మోసుకుని మాత్రం ఎల్లను."

"ఎల్లమను తాతా, నాకేటి," అన్నాడు చిట్టిరాజు, ఇంకోవైపు చూస్తూ.

ఇద్దరూ మళ్ళీ చెరో మూలకి పోయారు.

దున్నడానికొచ్చిన ట్రాక్టరు డ్రైవరు హారన్ కొట్టాడు. "బేగి కానియ్యి తాతా! మధ్యాన్నం నాకు ఇంకో చేనుంది. ఒకసారి దున్నీసినానంటే ఉంగరం కాదు గదా, ఊరు కూడా దొరకదు. గేది కడుపులో ముక్కుపుడక కనిపెట్టిన మిషనన్నావు?"

"కనిపెట్టినాది బాబూ, కృష్ణదేవిపేటలో. ఆ గేది సిగ్గుపడిపోయి మూడ్రోజులు పాలివ్వలేదు."

జ్ఞానానందం తాటిచెట్టు నీడకి పోయి, మంచినీళ్ళు తాగి, మిషనుని కండువాతో పసిపిల్లాడిని తుడిచినట్టు తుడుచుకున్నాడు. తిరిగొచ్చి మీట నొక్కాడు. మిషను కిక్కురుమనలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

"బ్యాటరీ సెల్సు పోయినాయి," అన్నాడు.

డ్రైవరు పగలబడి నవ్వాడు. నవ్వడా మరి! పొద్దున్నే అతనికి గంటసేపు పాఠం చెప్పాడు ముసలాయన. నాలుగు సెల్సూ ఒక్కరోజు కొన్నవై ఉండాలట. నాలుగింటికీ ఒకే రంగు చుక్క పెట్టుకోవాలట. చార్జి పెడితే నాలుగూ ఒక్కసారే పెట్టాలట. జేబులోంచి నల్లచుక్క పెట్టిన సెల్లొకటి తీసి మరీ చూపించాడు. "ఇది సచ్చిన సెల్లు. దీన్ని మంచి వాటిల్లో ఒక్కటి కలిపినావంటే మిగతా మూడూ ఉన్నా లేనట్టే. సంసారం లాంటిదే బాబూ, ఒక్కరు బిగుసుకుంటే సాలు."

"మరి ఇంకో సెట్టు లేదేటి?" అని అరిచాడు చిట్టిరాజు.

"నీలంసుక్క సెట్టు మా ఆవిడ సంచీలో ఎయ్యడం మర్చిపోయినట్టుంది. ఇంక సేతుల్తోనే ఎతకాల. సెరో మూలా కాదు, ఒకే సాల్లో పక్కపక్కన కూకోండి. ఒకరు ఒదిలింది ఒకరి కంటబడద్ది."

డ్రైవరు చేతిగడియారం చూపించాడు. "అరగంట. అంతే."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని బెడ్డలు పగలగొట్టడం మొదలుపెట్టారు. మొదట బెడ్డల చప్పుడే వినిపించింది.

"నా సీర తొక్కీకు."

"నీ సీరే నా కాలికిందకొస్తంది."

"ఎతికే మొహం సూడు. బెడ్డని కాదు, నన్ను సూస్తన్నావు."

"నిన్నెవులు సూసారు? నీ సెయ్యి సూస్తన్నాను. ఏలు ఇంత సన్నబడిపోనాదేటే?"

ఈశ్వరి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. చిట్టిరాజు పట్టుకుని వదల్లేదు.

"తింటన్నావా లేదా?"

"నెల్లాళ్ళుగా కంచం ముందు తల దించుకుని మూగోడిలాగ తినీసి లెగిసిపోతన్నావు. ఒక్కదాన్నీ కూకుంటే ముద్ద దిగద్దేటి?"

చిట్టిరాజు ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉంగరం ఉన్నచోట తెల్లటి గీత మిగిలింది.

"అయితే... జారిపోనాదే," అన్నాడు.

"నిన్నట్నించీ సెప్తన్నాను మావా!" ఈశ్వరి చేతిలోని బెడ్డని నేలకేసి కొట్టింది.

జ్ఞానానందం సీసాతో నీళ్ళు తెచ్చాడు. వాళ్ళ పక్కనే కాసేపు గొంతుక్కూర్చుని లేచాడు. "అటు కాదు బాబూ, ఇదిగో ఈ బెడ్డ కదుపు."

చిట్టిరాజు కదిపాడు. కింద ఉంగరం తళుక్కుమంది.

"మిషను లేకుండానే పట్టీసినావు తాతా!" అన్నాడు డ్రైవరు.

"నా సెవులే మిషను బాబూ."

రోడ్డు మీద ఎలమంచిలి బస్సు హారన్ కొట్టింది. ఎవరూ తల తిప్పలేదు. చిట్టిరాజు తువ్వాలు అంచులోంచి ఒక దారప్పోగు లాగాడు. ఉంగరం బిగుతుగా ఉండేలా దాని చుట్టూ ఆ పోగు చుట్టి పెళ్ళాం వేలికి తొడిగాడు. ఆమె బట్టల సంచీ నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టాడు.

నర్సీపట్నంలో ఇంటికి రాగానే జ్ఞానానందం చెప్పిన సంగతి విని, అతని పెళ్ళాం కరుణకుమారి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సెల్సు ఆగిపోడమేటండీ? నా సేతుల్తో ఎర్రసుక్కవి నాలుగూ ఒక్కసారే చార్జి పెట్టేను. నీలంసుక్క సెట్టు మర్చిపోయేనా నేను? ఇదిగో, మీ సంచీ అడుగునే ఉంది!"

విసురుగా మిషను మూత తీసింది. లోపల మూడు ఎర్రచుక్కలు, ఒక నల్లచుక్క.

"ఓలమ్మా! మీ జేబులో ఉండాల్సిన సచ్చిన సెల్లు ఇందులోకి ఎలా దూరిందండీ?"

"నేనే పెట్టేనే," అన్నాడు జ్ఞానానందం, కాళ్ళు కడుక్కుంటూ. "ఉంగరం జేబులో ఏసుకుని, సోడా మూత సూపించీసేక."