ఐదేళ్ళ షరతు

"ఖర్చులు తగ్గించాలిరా," అన్నాడు బావ, తన గది తలుపు మూసి. బావ మా అక్క మొగుడు, ఆఫీసు ఆయనదే. అందులో కొనుగోళ్ళు చూసేది నేను.

"అయితే ముందు వరండాలో ఉన్న ఆ ఏనుగుని పంపించెయ్యి," అన్నాను. అద్దెకు తెచ్చిన పెద్ద ప్రింటరు అది. "టేబుల్ మీద పెట్టుకునే చిన్నవి రెండు కొందామని అప్పుడే నెత్తీనోరూ కొట్టుకున్నాను."

"ఐదేళ్ళదాకా పంపడానికి లేదు. ఆ షరతు పెట్టించింది నువ్వే."

నిజమే. అద్దె మిషను కదా, ఎప్పుడు పట్టుకుపోతారోనని, ఎవరూ మధ్యలో తప్పుకోకూడదని పట్టుబట్టి రాయించాను. ఆ రోజు బావ నా భుజం తట్టాడు.

"మరేం తగ్గిస్తావు?"

బావ పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. "వచ్చే నెల నుంచి నువ్వు వేరే ఏదైనా చూసుకో."

"నాకన్నా ఆ మిషనే ఎక్కువైందా బావా?" అన్నాను.

"ఎక్కువ తక్కువలు కాదురా. వాళ్ళు బయటివాళ్ళు, మాట తప్పితే కోర్టుకు లాగుతారు. నువ్వు ఇంటివాడివి, అర్థం చేసుకుంటావు."

చేరిన రోజు ఉద్యోగం కాగితం ఇవ్వబోతే, మన మధ్య కాగితాలేంటి బావా అని నవ్వేసింది నేనే.

బయటికొచ్చాను. వరండాలో అద్దె కంపెనీ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని మెత్తటి గుడ్డతో ప్రింటరు తుడుస్తున్నాడు. వారం వారం వచ్చి దాని బాగోగులు చూడాలని కూడా నేనే రాయించాను.